గురప్ప మనసు చెప్పిన గండి

అంగళ్లు దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో, మూడో అంతస్తు కంప్యూటర్ ల్యాబులో, పొద్దున పదకొండు గంటలకు వీణ కుర్చీలోంచి ఎంత ఊపుగా లేచిందంటే, పక్క బెంచీ మీదున్న ఎవరిదో టిఫిన్ డబ్బా దబ్బున కిందపడి ఉప్మా అంతా నేలపాలైంది. ఇంకో రోజైతే చీపురు తెచ్చి ఊడ్చి, డబ్బా గలవాళ్లకు క్యాంటీన్‌లో దోసె ఇప్పించి మరీ బతిమాలుకునేది. ఈ రోజు ఉప్మా వైపు చూడనైనా చూడలేదు.

"మోసిన్, ఇంగొక్కసారి నడుపు."

"నాలుగు సార్లు నడిపినా వీణా. అదే వస్తాండాది," అన్నాడు మోసిన్. ఈ పుంగనూరు పిల్లవాడు ఫైనలియర్ ప్రాజెక్టులో ఆమెకు జోడీ. ఇల్లు తగలబడుతున్నా చెప్పులు వెతుక్కుని తొడుక్కుని బయటికొచ్చే రకం. అట్లాంటివాడి గొంతు వణుకుతోందంటే విషయం చిన్నది కాదు.

వాళ్ల ప్రాజెక్టు ఒక ఏనుగు మీద. వీణది రామకుప్పం పక్కన అడవి అంచున ఒక చిన్న ఊరు. ఏనుగులు పొలాల్లోకి రాకుండా ఊరికీ అడవికీ మధ్య ఎప్పుడో పెద్ద కందకం తవ్వారు. వానలకు మట్టి జారి ఆ కందకం నాలుగు చోట్ల పూడిపోయింది. ఆ నాలుగు చోట్లనీ ఊళ్లో గండ్లంటారు. తూర్పు గండి, వంక గండి, చింతతోపు గండి, ఎర్రబండ గండి. పంట కంకి మీదికొచ్చిందంటే ఒక మగ ఏనుగు సందెవేళకు ఈ నాలుగింట్లో ఏదో ఒకదానిలో దిగి చేలల్లోకి వచ్చేస్తుంది. దానికి ఒకే కొమ్ము, అందుకని ఒంటికొమ్మోడు అంటారు. గండ్లు నాలుగున్నాయిగానీ ఊరికి ఉన్న కాపలా జట్టు ఒక్కటే. ఒక పెద్ద ఫోకస్ లైటు, మూడు నూనె డబ్బాలు, వాటిని పట్టుకునే నలుగురు మగవాళ్లు. ఏ సాయంత్రం ఏ గండిలో నిలబడాలో తేల్చేది జట్టు పెద్ద. ఆ పెద్ద పేరు గురప్ప. వీణకు నాయన.

గురప్ప తేల్చే పద్ధతి చుట్టుపక్కల ఊళ్లకు కూడా తెలుసు. పొద్దు గుంకే ముందు చెరుకు గానుగ పక్కనున్న గట్టు మీద నిలబడి కళ్లు మూసుకుంటాడు. అందరూ నోళ్లు మూసుకుని చూస్తారు. కాసేపటికి కళ్లు తెరిచి ఒక గండి పేరు చెప్తాడు. అడిగినవాళ్లకు ఆయన జవాబు ఒకటే. "నేను లెక్క సూడను, ఎవురి మాటా ఇనను. మనసు యాడికి పొమ్మంటే ఆడికి పోతా. అందుకే దానికి నేను దొరకను."

ఆయన దొరకడు సరే, ఏనుగు కూడా ఆయనకు దొరకడం లేదు. నిరుడు వీణ అమ్మ సిద్దమ్మ రెండెకరాల్లో వేసిన రాగి కోతకు రెండు రోజుల ముందు మట్టిపాలైంది. సిద్దమ్మ ఏడవలేదు, తిట్టలేదు. తొక్కిన కంకుల్ని ఒక్కొక్కటీ ఏరి చేటలో పోసుకుంది. ఆ చేట చూశాకే వీణ ఈ ప్రాజెక్టు పట్టింది. ఒంటికొమ్మోడు రేపు ఏ గండిలో దిగుతాడో ముందే చెప్పే ప్రోగ్రాం రాయాలని.

లెక్కలకు కావలసిన సరుకు ఇంట్లోనే దొరికింది. గోడకు ఒకే మేకుకు ఒకదాని మీద ఒకటి వేలాడుతున్న ఏడేళ్ల క్యాలెండర్లు. ప్రతి తేదీ గడిలో గురప్ప ఆ సాయంత్రం తాను కాపున్న గండిని పెన్సిల్‌తో, ఏనుగు దిగిన గండిని ఎర్ర పెన్నుతో ఒక్కో అక్షరంలో రాసి పెట్టాడు. తూ, వం, చిం, ఎ. వీణ అన్నిటికీ ఫోటోలు తీసుకుంది. కంకులుండే నెలలు మాత్రమే లెక్కేస్తే మొత్తం పద్నాలుగు వందల సాయంత్రాలు. వాన, వెన్నెల, పైరు వయసు, అన్నీ కలిపి మోసిన్ ప్రోగ్రాం రాశాడు. పదిసార్లు అడిగితే ఎనిమిదిసార్లు సరిగ్గా చెప్పింది. ఆ సంబరంలో ఇద్దరికీ కాళ్లు నేల మీద ఆనలేదు.

నిన్న గైడు హేమలత మేడమ్ చూసి, "బాగుంది. ఇంతకీ అది దేన్ని చూసి చెప్తోంది?" అని ఒక్క ప్రశ్న వేసి వెళ్లిపోయింది. అది తేల్చడానికే పొద్దున్నే ల్యాబులో కూర్చున్నారు. వాన లెక్క తీసేశారు. ప్రోగ్రాం చెక్కుచెదరలేదు. వెన్నెల తీసేశారు. ఏమీ కాలేదు. పైరు వయసు తీసేసినా దానికి చీమ కుట్టినట్టయినా లేదు. చివరికి గురప్ప పెన్సిల్ అక్షరాలు తీసేశారు. ప్రోగ్రాం ఢమాల్. కళ్లకు గంతలు కట్టినట్టు ఏది పడితే అది చెప్పడం మొదలుపెట్టింది.

అంటే అది చూస్తున్నది గురప్పని. అంతకంటే ముఖ్యం, ఏనుగు చూస్తున్నది కూడా గురప్పనే. మోసిన్ వెంటనే ప్రోగ్రాంని తిరగేసి, ఏనుగుని వదిలిపెట్టి మనిషి ఏ గండికి పోతాడో చెప్పమన్నాడు. పదికి తొమ్మిది. నిన్న ఏనుగు ఏ గండిలో దిగిందో ఈ రోజు గురప్ప మనసు ఆ గండికే పొమ్మంటోంది. ఒంటికొమ్మోడు హాయిగా ఇంకో గండిలో దిగుతున్నాడు. ఏడేళ్లుగా ఇదే తంతు. గట్టెక్కడం, కళ్లు మూయడం, మనసుని అడగడం, అంతా ఉత్త ఆర్భాటం. రెండు నెలలు కష్టపడి వీళ్లు పట్టుకున్నది ఏనుగుని కాదు, ఇంటి యజమానిని.

"నిన్న యాడ దిగింది?" అన్నాడు మోసిన్.

"వంక గండి. పొద్దున అమ్మ చెప్పింది."

"అంటే ఈ పొద్దు అంకుల్ వంక గండికి పోతాడు. అది ఎర్రబండలో దిగుతాది."

ఎర్రబండ గండి దిగితే ఎదురయ్యే మొదటి చేను సిద్దమ్మది. రెండెకరాల రాగి, గింజ గట్టిపడి కోతకు సిద్ధంగా ఉంది. కూలీలను రేపటికి పిలిచారు. ఈ ఒక్క సాయంత్రం గట్టెక్కితే పంట ఇంటికొస్తుంది.

ఫోన్ చేసింది. "నాయనా, ఈ పొద్దు ఎర్రబండ కాడ కాపుండండి."

"ఆడ రాళ్లు పాపా. ఏనుగు దిగదు," అన్నాడు గురప్ప. "నా మనసు సెప్పాల్సింది ఫోన్లో వస్తాదా? సదువుకో పో." ఫోన్ పెట్టేశాడు.

"పద," అంది వీణ.

"యాడికి?"

"మా ఊరికి. పొద్దు గుంకే లోపల."

మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సు కదులుతుంటే పరిగెత్తి పట్టుకున్నారు. వీణ ఆధార్ చూపించి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ తీసుకుంది. ఊపిరి ఇంకా అందలేదు, అయినా నోరు ఆగడం లేదు.

"సూడు మోసిన్, ఇది మా నాయన ఒక్కడిదే కాదు. అందరం ఇంతే. నేనే ఎంచుకున్నా, నేనే తేల్చుకున్నా అనుకుంటాం. ఎనకాల ఏదో ఒకటి నెట్టతా ఉంటాది, మనకి కనపడదు. మన సేతిలో ఏమీ లేదు." ఆ మాట చెప్తున్నప్పుడు ఆమె ముఖం వెలిగిపోతోంది. చేతిలో ఏమీ లేదని అంత సంబరంగా చెప్పిన మనిషిని ఆ బస్సు అంతకుముందు చూసి ఉండదు.

పుంగనూరులో బస్సు మారాలి. ఇరవై నిమిషాలుంది. మోసిన్ నాన్న ముక్తియార్‌కు బస్టాండుకి ఎదురుగానే గడియారాల రిపేరు అంగడి. కంటికి భూతద్దం బిగించుకుని ఉన్న ఆయన కొడుకు చెప్పిందంతా విన్నాడు, చేతిలోని గడియారం పక్కన పెట్టకుండానే.

"నలభై ఏండ్లుగా ఇదే చెప్తాండా, ఎవరూ వినరు," అన్నాడు. "ఈ గడియారానికి నోరిచ్చి సూడు బేటీ. నేనే తిరుగుతాండా, నా ఇష్టం అంటాది. లోపల స్ప్రింగు సంగతి దానికేం తెలుసు." ఇంటి నుంచి తెచ్చుకున్న భోజనం క్యారియర్ తీసి ఇద్దరి చేతుల్లో పెట్టాడు. "తినుకుంటా పోండి. ఆకలి గూడా స్ప్రింగే."

పలమనేరు మీదుగా పోయే కుప్పం బస్సులో సీటు దొరికింది. అన్నం తింటూనే మోసిన్ ల్యాప్‌టాప్ తెరిచి పట్టిక చూస్తున్నాడు. ఉన్నట్టుండి నమలడం ఆపాడు.

"వీణా, అంకుల్ పెన్సిల్ అక్షరాలు ఎక్కించేటప్పుడు 'ఎ' ఎక్కించడం మర్చిపోయినావా? ఎర్ర పెన్ను 'ఎ' ఉండాది. నూరు దాకా ఉండాయి. పెన్సిల్ 'ఎ' ఒక్కటి గూడా లేదు."

వీణ ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మర్చిపోలేదు. పద్నాలుగు వందల సాయంత్రాల్లో ఒక్కనాడు కూడా గురప్ప ఎర్రబండలో కాపుండలేదు. ఏనుగు అక్కడ నూరుసార్లు దిగినా, నిన్న దిగిన చోటికే ఈ రోజు పోయే మనిషి, అక్కడికి మాత్రం పోలేదు.

ఎందుకో ఆమెకు వెంటనే తెలిసింది. ఇంత సేపు తెలియకపోవడమే వింత. సిద్దమ్మ అన్న కుప్పుస్వామి, వీణకు మేనమామ, ఎనిమిదేళ్ల కిందట ఎర్రబండ దగ్గరే ఏనుగు కాళ్ల కింద పోయాడు. అప్పుడు వీణకు పదమూడేళ్లు. ఆ మరుసటి ఏడు నుంచే నాయన కాపలా జట్టు కట్టాడు, క్యాలెండర్ మీద రాయడం మొదలుపెట్టాడు. ఆ బండ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఊళ్లో అందరికీ తెలుసు, అందుకే అక్కడ ఎందుకు కాపుండవని ఎవరూ అడగలేదు. తెలియనిది గురప్ప ఒక్కడికే. రాళ్లున్నాయి, ఏనుగు దిగదు అని ఆయన నిజంగానే నమ్ముతున్నాడు.

ఆమె మోసిన్‌కి చెప్పింది. వాడు ల్యాప్‌టాప్ మూసేశాడు.

కుప్పం బస్టాండులో దిగేసరికి నాలుగున్నర. గురప్ప తమ్ముడి కొడుకు నరేష్ అక్కడ పాలశీతలీకరణ కేంద్రంలో పని చేస్తాడు. వీణ దారిలోనే ఫోన్ చేసి చెప్పడంతో డ్యూటీ దిగి బైకు మీద సిద్ధంగా ఉన్నాడు. పగలు జీతం, సాయంత్రం కాపలా. ముగ్గురూ ఒకే బైకు మీద ఎక్కారు. కార్తీక మాసం పొద్దు, ఐదున్నరకే గుంకిపోతుంది. నరేష్ ఆ గుంతల రోడ్డు మీద బండిని ఎట్లా తోలాడంటే, వెనక కూర్చున్న మోసిన్ దారి పొడుగునా దువా చేసుకుంటూనే ఉన్నాడు.

నేరుగా ఇంటి ముందు దిగారు. సిద్దమ్మ మొగుడి భుజం సంచిలో నీళ్ల సీసా, బ్యాటరీ సర్దుతోంది. వీణ గబగబా అంతా చెప్పింది. గురప్ప గురించి చెప్పినప్పుడు సిద్దమ్మ నవ్వింది.

"దీనికి మిషన్ యాలమ్మా? నిన్న దిగిన కాడికే ఈ పొద్దు పోతాడు. అది కాదంటే కోపం వస్తాది. కోపం వస్తే సింతతోపుకి పోతాడు. పెండ్లయిన కాణ్ణించీ అంతే, నాతో పోట్లాడితే ఆ తోపులోకి పోయి కూసుంటాడు."

మోసిన్ ఆమె ముఖంలోకి చూశాడు. జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో ఏదో రాసుకున్నాడు. వీణ కూడా రాసుకుంది. సిద్దమ్మ సంచి కూతురి చేతికిచ్చింది. "మీ నాయనకియ్యి," అంది.

గానుగ పక్క గట్టు మీద గురప్ప అప్పటికే నిలబడి ఉన్నాడు. జట్టులో మిగిలిన ఇద్దరూ డబ్బాలతో కింద కూర్చున్నారు. పడమటి కొండల మీద పొద్దు నిమ్మపండంత మిగిలింది.

"నాయనా, నేను చెప్పేది ఇనే ముందర నువ్వు కండ్లు మూసుకో. నీ మనసు ఏమంటాదో సెప్పు," అంది వీణ.

గురప్ప కూతురిని, ఆమె వెనక ఉన్న పిల్లవాడిని చూశాడు. కళ్లు మూసుకున్నాడు. గాలి తగ్గింది. ఎవరూ కదల్లేదు. ఆయన కళ్లు తెరిచి, "వంక గండి," అన్నాడు.

వీణ గుప్పిలి విప్పింది. అరచేతిలో 'వం' అని ఉంది.

గురప్ప ఆ చేతిని పట్టుకుని అక్షరాన్ని వేలితో రుద్ది చూశాడు. "ఇది యాడ నేర్సినావు?"

"నీ క్యాలెండర్ల నుంచే నాయనా. అది నేర్సుకున్నదీ నిన్ను సూసే. ఏడేండ్లుగా నువ్వు యాడికి పోతావో ఒంటికొమ్మోడికి తెలుసు."

"నా మనసుని మిషన్‌లో పెట్టినావా?" ఆయన మెడ నరాలు ఉబ్బాయి. "అట్లయితే ఈ పొద్దు వంక గండికి పోను. సింతతోపుకి పోతాండా. నడండి."

మోసిన్ మొహమాటపడుతూనే తన గుప్పిలి విప్పాడు. 'చిం'. "క్షమించండి అంకుల్. ఇది మిషన్ చెప్పింది కాదు. అమ్మ చెప్పింది."

నరేష్ ఆపుకోలేక నవ్వాడు. నవ్వి, పెదనాయన ముఖం చూసి తల దించుకున్నాడు. గురప్ప గట్టు మీద కూర్చుండిపోయాడు. ఊరంతటికీ దారి చూపించే మనిషి, తన దారి అందరి అరచేతుల్లో రాసి ఉంటే ఎట్లా ఉంటుందో అట్లా ఉన్నాడు. వీణ గుప్పిలి మూసేసి చేయి వెనక్కి పెట్టుకుంది.

పొద్దు సగం మునిగింది. మోసిన్ రూపాయి బిళ్ల తీశాడు. "అంకుల్, దీన్ని రెండుసార్లు ఎగరేద్దాం. నాలుగు గండ్లకీ సరిపోతాది. దీని మనసు ఏనుక్కి తెలీదు."

గురప్ప తల అడ్డంగా ఊపాడు. "ఇన్నాళ్లూ ఏనుగు సెప్పినట్టు ఆడినానంట. ఇప్పుడు బిళ్ల సెప్పినట్టు ఆడాలా? నేను యాడ ఉండాను ఇందులో?"

ఇక దాచే సమయం లేదు. వీణ ఆయన పక్కన కూర్చుంది. "నాయనా, పద్నాలుగు వందల సాయంత్రాలు రాసినావు. ఒక్కనాడైనా ఎర్రబండలో కాపుండలేదు."

"ఆడ రాళ్లు."

"ఆడ నూరుసార్లు దిగింది. ఎర్ర పెన్నుతో నువ్వే రాసినావు."

గురప్ప నరేష్‌ని చూశాడు, జట్టువాళ్లని చూశాడు. అందరూ నేల చూపులు చూస్తున్నారు. అప్పుడు ఆయనకు అర్థమైంది, అందరికీ తెలుసునని, ఇంతకాలం తనకు మాత్రమే తెలియలేదని.

"ఇద్దరమే ఉంటిమి ఆ పొద్దు," అన్నాడు. "లైటు కుప్పుస్వామి సేతిలో ఉండె. నేను వాడి పక్కన. అది మీదికి వచ్చె. వాడు నిలబడినాడు. నేను పరిగెత్తినా."

ఈ సంగతి వీణకు తెలియదు. కానీ ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది, పొద్దున్నుంచీ బస్సులో అరిచి చెప్పిన జవాబే. ఆమె ఆత్రంగా ఆయన చేయి పట్టుకుంది. "అది నీ తప్పు కాదు నాయనా. అదే నేను చెప్పేది. ఏనుగు మీదికొస్తే ఎవురి కాళ్లయినా పరిగెత్తుతాయి. మనిషి సేతిలో ఏమీ ఉండదు. నువ్వు ఇంగో రకంగా సేసే దారే లేదు."

గురప్ప కూతురి తల మీద చేయి వేశాడు. "ఇనేదానికి శానా బాగుండాది పాపా. ఎనిమిదేండ్లుగా ఎవురైనా ఈ మాట సెప్తారేమో అని సూస్తాండా." "కానీ ఒకటి సెప్పు. ఆ పొద్దు నిలబడే దారి నాకు లేదంటే, ఈ పొద్దు గూడా లేదు. ఈ పొద్దు నేను ఆడ నిలబడగలను అంటే, ఆ పొద్దు గూడా నిలబడగలిగేవాణ్ణే. రెండూ కావాలంటే కుదరదు. ఏది కావాల నీకు?"

ప్రోగ్రాం రాసేటప్పుడు, మోసిన్‌తో వాదించేటప్పుడు, వీణకు ఈ ప్రశ్న ఒక్కసారీ ఎదురు కాలేదు. నాయన తప్పు లేకుండా మిగలాలంటే పంట పోవాలి. పంట నిలవాలంటే ఆ తప్పు ఆయన తల మీద ఉండాలి.

గురప్ప లేచాడు. ఫోకస్ లైటు బెల్టు మెడలో వేసుకున్నాడు.

"తప్పు నాదే," అన్నాడు. "నాకు అదే కావాల. నడండి, ఎర్రబండకి."

ఆ తర్వాత జరిగిందంతా పరుగే. చేల గట్ల మీద నలుగురు మగవాళ్లు లైటు, డబ్బాలు పట్టుకుని, వెనక వీణ సంచి తగిలించుకుని, దానికి వెనక ఎన్నడూ పొలం గట్టు తొక్కని మోసిన్ రెండుసార్లు కాలువలో పడుతూ. సిద్దమ్మ రాగి చేను పక్క నుంచే పోయారు. కంకులు బరువుకు తలలు వంచి ఉన్నాయి. పంపుసెట్టు గది దగ్గర గురప్ప చేత్తో ఆపి, పిల్లలిద్దరినీ గదిపైకి ఎక్కమన్నాడు. సంచి తీసుకుని భుజాన వేసుకుని, జట్టుతో నూరు గజాలు ముందుకు పోయి ఎర్రబండ పక్కన నిలబడ్డాడు.

పొద్దు పూర్తిగా మునిగి, ఆకాశంలో ఎరుపు మాత్రం మిగిలింది. ప్రోగ్రాం తప్పు చెప్పి ఉంటే? ఒంటికొమ్మోడు నిజంగానే వంక గండిలో దిగితే? మోసిన్ ఆమె చేయి గట్టిగా నొక్కాడు. అవతల కందకం అంచున పొదలు కదిలాయి.

చప్పుడు లేకుండా వచ్చింది. అంత పెద్ద ఒళ్లు అంత మెత్తగా ఎట్లా వస్తుందో చూసినవాళ్లకే తెలుసు. ముందు ఒక కొమ్ము తెల్లగా కనిపించింది, తర్వాత తల, తర్వాత కొండలో ముక్క విరిగి నడిచొచ్చినట్టు మిగిలిందంతా. పూడిన మట్టి మీద ముందు కాలు పెట్టి, అలవాటైన ఇంటి గడప దాటినట్టు దిగసాగింది.

లైటు వెలిగింది.

వెలుతురు సూటిగా ఏనుగు ముఖాన పడింది. డబ్బాలు మోగాయి. ఏనుగు ఆగింది, చెవులు విప్పింది, తొండం పైకెత్తి పెద్దగా ఘీంకరించి రెండడుగులు ముందుకు వేసింది. పంపుసెట్టు గది గోడ అదిరింది. ఆ వెలుతురు అంచున వీణకు నాయన కాళ్లు స్పష్టంగా కనిపించాయి. కుడికాలు ఒక అడుగు వెనక్కి పడింది. నరేష్ పెదనాయనని చూస్తున్నాడు, డబ్బా వాయించడం మరిచిపోయాడు. ఆ కాలు నేల మీద అక్కడే వణుకుతూ ఉంది. ఎంతసేపో తెలియదు. లైటు మాత్రం ఏనుగు ముఖం మీది నుంచి కదల్లేదు.

తర్వాత ఆ కాలు మళ్లీ ముందుకొచ్చింది. దాని పక్కకు ఎడమకాలు వచ్చింది. గురప్ప ఇంకో అడుగు వేశాడు, ఏనుగు వైపు.

ఎనిమిదేళ్లుగా ఆ గండిలో వెలుతురు లేదు. ఒంటికొమ్మోడు తొండం ఇటూ అటూ తిప్పి గాలి వాసన చూశాడు. తన లెక్క ఎక్కడ తప్పిందో తెలియనట్టు కాసేపు అట్లే నిలబడ్డాడు. దుమ్ము చిమ్మి, మెల్లగా వెనక్కి తిరిగాడు. పొదలు మూసుకున్నాయి. చాలాదూరం కొమ్మలు విరిగిన చప్పుడు వినిపించి ఆగిపోయింది.

వీణ గది మీది నుంచి దూకి పరిగెత్తింది. మోసిన్ ఏడుస్తూ నవ్వుతున్నాడు. "తప్పిపోయింది వీణా, అంకుల్ లెక్కలో మన ప్రోగ్రాం తప్పిపోయింది," అని అరుస్తున్నాడు, ఫస్టు ర్యాంకు వచ్చినట్టు. జట్టువాళ్లు గురప్పని ఎత్తుకోబోయారు. ఆయన వద్దని బండ మీద కూర్చుని, నీళ్ల కోసం సంచిలో చేయి పెట్టాడు. సీసాతో పాటు సంచి అడుగున ఎప్పుడూ ఉండే చిన్న గుడ్డమూట చేతికి తగిలింది. ఏదో దిష్టికి కట్టిన మూట అనుకుని ఇన్నేళ్లూ విప్పలేదు. ఈసారి ఎందుకో విప్పాడు.

లోపల ఒక కర్పూరం బిళ్ల, ఒక అగ్గిపెట్టె.

గురప్ప వాటిని బయటికి తీశాడు. తర్వాత కుప్పుస్వామి పడిపోయిన చోట, బండ మీద బిళ్ల పెట్టి వెలిగించాడు. అందరూ చెప్పులు విప్పి నిలబడ్డారు. వాళ్లను చూసి మోసిన్ కూడా విప్పాడు.

ఇంటికొచ్చేసరికి సిద్దమ్మ పొయ్యి దగ్గర రాగిసంకటి కెలుకుతోంది. చేను నిలిచిందన్న కబురు ముందే చేరింది. గురప్ప క్యాలెండర్ దగ్గరికి పోయి, ఆ రోజు గడిలో పెన్సిల్‌తో 'ఎ' అని రాశాడు. పక్కనే దారానికి వేలాడుతున్న ఎర్ర పెన్నుని ముట్టుకోలేదు. పెన్సిల్ చేతిలోనే పట్టుకుని భార్య వైపు తిరిగాడు.

"ఆ పొద్దు నేను పరిగెత్తింది నీకు తెలుసా?"

"తెలుసు," అంది సిద్దమ్మ, కెలకడం ఆపకుండా.

"మూటలో కర్పూరం ఎప్పుడు పెట్టినావు?"

"నువ్వు కాపు మొదలుపెట్టిన కాణ్ణించీ. కర్పూరం నిలవుండేది కాదు గదా, హరించుకు పోతాది. నెలకొక బిళ్ల మారుస్తా ఉంటి."

వీణ గడప మీద కూర్చుని వింటోంది. నాయనకు కోపం వస్తే ఏ గండికి పోతాడో మిషన్ కంటే బాగా చెప్పిన మనిషి ఈమే.

"నేను ఆడికి పోతానని నీకెట్ల తెలుసు సిద్దమ్మా?" అన్నాడు గురప్ప.

"తెలీదు. పోవనే అనుకుంటి," అంది సిద్దమ్మ. "అయినా పెడతా ఉంటి." సంకటి ముద్ద చేసి పళ్లెంలో పెట్టింది. "కూసో, తిను. తెల్లారితే కోత."